అటక మీది ప్లేట్లకి మళ్ళీ ముల్లు పెట్టేముందు

(విశాఖపట్నంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

క్యాసెట్లు పోయి సీడీలు, అవీ పోయి ఎంపీత్రీలు, పెన్‌డ్రైవ్‌లు, ఇప్పుడు ఫోన్‌లో స్ట్రీమింగ్. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ రికార్డు ప్లేయర్ కొందామని మీలో చాలామంది అనుకుంటున్నారు. కొందరు కొనేశారు కూడా. కొన్నవాళ్ళు ఏం చేయాలి, కొనబోయేవాళ్ళు దేనిమీద డబ్బు పెట్టాలి, సముద్రం పక్కనున్న మన ఊళ్ళో ప్లేట్లు ఎందుకు పాడవుతాయి, ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈరోజు విషయం.

రికార్డు శబ్దం సీడీ కంటే మేలని చాలామంది అంటారు. కొలతల్లో చూస్తే అది నిజం కాదు. సీడీలో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ తేడా పడుతుంది. ఎల్‌పిలో, అంటే పెద్ద వినైల్ ప్లేటులో, 60, 70 దాటడం కష్టం. కుడి ఎడమ చానళ్ళు ఒకదాన్లోకి ఒకటి కారకుండా ఉండటంలో కూడా సీడీదే పైచేయి. పైగా ఈమధ్య వస్తున్న కొత్త ఎల్‌పిల్లో చాలావాటికి మూలం డిజిటల్ మాస్టరే, అంటే కంప్యూటర్‌లోని అసలు రికార్డింగే. ఫోన్‌లో శుభ్రంగా దొరికే పాట కోసం వేలు పోసి కొత్త ఎల్‌పి కొనడం నా దృష్టిలో చివర చేయాల్సిన పని.

మరి ఎందుకు తిరిగి వెళ్ళాలి? ఇంకెక్కడా సరిగ్గా లేనివి ప్లేట్ల మీద ఉన్నాయి కాబట్టి. తెలుగులో వచ్చిన ఈపీలు, సినిమా సంభాషణల ఎల్‌పిలు, నాటక పద్యాలు, హరికథలు ఎన్నో ఇప్పటికీ మంచి డిజిటల్ రూపంలోకి రాలేదు. ఇంటర్నెట్‌లో దొరికే కాపీల్లో చాలావరకు అరిగిన ప్లేటు నుంచి క్యాసెట్‌కి, క్యాసెట్ నుంచి కంప్యూటర్‌కి ఎక్కినవి. బుస్సుమనే శబ్దం తీసేస్తున్నామనుకుని తాళాల మెరుపునీ, గొంతులోని ఊపిరినీ కూడా కోసేశారు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరుతో మన ఊళ్ళో కళాక్షేత్రం ఉంది. ఆయన వయొలిన్ వినిపించింది 78 చుట్ల ప్లేట్ల కాలంలో. అలాంటి ప్లేటు మీ తాతగారి పెట్టెలో ఉంటే, దాన్లో ఉన్నంత వివరం ఆ కాపీల్లో వినపడదు. అందుకే నా సలహా ఒకటే: ముందు యంత్రం కోసం కాదు, ఇంట్లో, బంధువుల అటకల మీద ఏ ప్లేట్లున్నాయో వెతకండి. వాటిని బట్టే యంత్రం.

ప్లేట్లు మూడు రకాలు. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి బరువుగా ఉంటాయి, కింద పడితే పెంకులా పగిలిపోతాయి. వాటిని లక్కతో చేసేవారు. ఎక్కువగా 10 అంగుళాలవి. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. సినిమాలో నాలుగున్నర నిమిషాలున్న పాట ప్లేటు మీద కురచగానో రెండు వైపులా ముక్కలుగానో వినిపించడానికి కారణం అదే. బయటి దేశాలు 78లని వదిలేస్తున్న 1960ల్లో కూడా మన దేశంలో అవి అచ్చవుతూనే ఉన్నాయి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78ల మీద వచ్చాయి. రెండోది 7 అంగుళాల ఈపీ, 45 చుట్లది, సాధారణంగా నాలుగు పాటలు. మూడోది 12 అంగుళాల ఎల్‌పి, 33⅓ చుట్లది, వైపుకి ఇరవై నిమిషాల చిల్లర. ఈ రెండూ వినైల్. వంచితే కాస్త వంగుతాయి. అంతమాత్రాన వంచి చూడకండి, లేబుల్ చదివితే సరిపోతుంది.

ఈ తేడా పేర్లతో ఆగదు. ప్లేటు మీద శబ్దం చెక్కిన గాడి వెడల్పు వేరు, అందుకని అందులో నడిచే ముల్లు (స్టైలస్) మొన కూడా వేరు. 78కి మొన గుండ్రటి వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) ఉండాలి. పాత మోనో, అంటే ఒకే చానల్ ఉన్న ఎల్‌పిలకి 25. రెండు చానళ్ళున్న స్టీరియోకి 18, లేదా అంతకంటే సన్నని దీర్ఘవృత్తాకారపు మొన. ఎల్‌పి ముల్లుని 78 మీద పెడితే అది గాడి గోడల మధ్య నిలవదు, అడుగుకి దిగిపోయి అక్కడి ఇసుకలాంటి మురికి మీద ఈడుస్తుంది. చెవికి గరగర, ముల్లుకి అరుగుదల. 78 ముల్లుని ఎల్‌పి మీద పెడితే గాడే పోతుంది, ఇక రాదు. పాత హెచ్‌ఎంవీ ఫియెస్టా లాంటి పెట్టెల్లో ముల్లు దగ్గర చిన్న మీట ఉంటుంది. తిప్పితే ఒకవైపు 78, రెండోవైపు ఎల్‌పి. అది ఏ వైపుందో చూడకుండా ప్లేటు మీద చేయి వేయకండి.

ఇప్పుడు యంత్రం. మూడు దారులున్నాయి.

మొదటిది ఇంట్లో ఉన్న పాత పెట్టె. వాటిలో చాలావరకు సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు (కార్ట్రిడ్జ్ అంటే ముల్లు కదలికని కరెంటుగా మార్చే చిన్న డబ్బీ), ముల్లు మీద 5 గ్రాములు, ఒక్కోసారి అంతకు మించి బరువు. మోటారు నుంచి ప్లాటర్‌కి, అంటే ప్లేటు కూర్చునే పళ్ళానికి, తిప్పుడు అందించే రబ్బరు చక్రం ఏళ్ళ తరబడి ఒకేచోట నొక్కుకుని ఉంటే అక్కడ చదునైపోతుంది. అప్పుడు ఆ చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ దడ్ దడ్ మని వినిపిస్తుంది. చక్రం గట్టిపడితే పాట వేగం ఊగుతుంది, నాదస్వరం లాంటి నిలిచే స్వరాల్లో ముందుగా తెలుస్తుంది. ఆ పెట్టెని బాగుచేసి దాచుకోండి, 78లు వినండి. మంచి ఎల్‌పిని మాత్రం దానికి అప్పగించొద్దు.

రెండోది అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ప్లేయర్. మన ఊళ్ళో ఇది చాలా ఇళ్ళలో ఉంది, అందుకని వివరంగా చెప్తాను. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది కానీ హెర్ట్జ్ మారదు. కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరిగే పాత రకం ఏసీ సింక్రనస్ మోటారున్న ప్లేయరైతే వేగం ఆరింట అయిదు వంతులకి పడిపోతుంది, అంటే 33⅓కి బదులు దాదాపు 27.8. పాట దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగినట్టుంటుంది. దానికి 50 హెర్ట్జ్ పుల్లీ వేయాలి. కొత్తవి చాలావరకు డీసీ మోటారుతో వస్తాయి; అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. ప్లగ్గు పెట్టేముందు ఆ అడాప్టర్ మీది అక్షరాలు భూతద్దం పెట్టయినా చదవండి.

మూడోది కొత్తది కొనడం. సూట్‌కేస్ ఆకారంలో రంగురంగులుగా వచ్చే చవక ప్లేయర్లు వద్దు. వాటిలో కూడా బరువైన సెరామిక్ ముల్లే, సర్దుకోవడానికి ఏ స్క్రూ ఉండదు, స్పీకర్లు అదే పెట్టెలో ఉండి ముల్లునే కదిపేస్తాయి. కొనేటప్పుడు మూడు చూడండి: ముల్లుని పట్టుకునే ఆర్మ్ వెనక ఉండే కౌంటర్‌వెయిట్ తిప్పి ముల్లు మీది బరువు మార్చుకోవచ్చా, ముల్లు విడిగా దొరుకుతుందా, కార్ట్రిడ్జ్ మార్చుకోవచ్చా. మొదటిసారి కొనేవాళ్ళకి పూర్తి ఆటోమేటిక్ ఆడియో-టెక్నికా ఎల్‌పి60ఎక్స్ లాంటిది ఫరవాలేదు, కానీ దాన్లో బరువు మార్చే వీలు లేదు. 78లు కూడా వినాలనుకుంటే ఆ వేగం ఉందో లేదో అడగండి. కొత్తవాటిలో చాలావాటికి ఉండదు.

వైర్ల దగ్గర తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. మూవింగ్ మాగ్నెట్ అనే అయస్కాంతపు రకం కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది 4, 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టులు. కొన్ని వందల రెట్లు తేడా. అంతేకాదు, ప్లేటు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచి కోస్తారు. లేకపోతే మంద్రానికి గాడి అటూ ఇటూ విశాలంగా ఊగి చోటు చాలదు, సన్నని శబ్దాలు గరగరలో కలిసిపోతాయి. 1954 నుంచి దీనికి ఆర్‌ఐఏఏ అనే ఒక లెక్క ఉంది. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ తగ్గించి, 20 వేల హెర్ట్జ్ దగ్గర అంతే పెంచుతారు. వినేటప్పుడు దాన్ని తలకిందులు చేసేది ఫోనో ప్రీయాంప్. అది లేకుండా ఆంప్లిఫయర్ ఆక్స్ సాకెట్లోకి నేరుగా పెడితే దూరంగా, సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ప్లేయర్‌లోనే ప్రీయాంప్ ఉండి, మళ్ళీ ఆంప్లిఫయర్‌లోని ఫోనో సాకెట్లో పెడితే శబ్దం బండగా, పగిలినట్టు వినిపిస్తుంది. ప్లేయర్ వెనక ఫోనో, లైన్ అని మీట ఉంటుంది. ఆంప్లిఫయర్‌లో ఫోనో సాకెట్ ఉంటే మీట ఫోనో, లేకపోతే లైన్. అంతే.

ఇక సర్దుబాటు. ఇక్కడ తొందరపడొద్దు.

బల్ల మీద రసమట్టం పెట్టి రెండు దిక్కులా మట్టం చూడండి. ముల్లు మూత తీసి, యాంటీస్కేటింగ్ సున్నాకి పెట్టి, కౌంటర్‌వెయిట్ తిప్పుతూ ఆర్మ్ గాలిలో తనంతట తాను సమంగా నిలిచేలా చేయండి. ఇప్పుడు బరువు అంకెల చక్రాన్ని మాత్రమే, వెయిట్ కదలకుండా, సున్నాకి తిప్పండి. తర్వాత రెండూ కలిపి తయారీదారు చెప్పిన బరువుకి తీసుకురండి. ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు, ఆడియో-టెక్నికా విఎం95ఈకి 2. ఆ అంకెల చక్రాన్ని పూర్తిగా నమ్మకండి, 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ త్రాసుతో సరిచూడండి. ప్లేటు ఉండే ఎత్తులోనే త్రాసు కొలిచే చోటు ఉండాలి, లేకపోతే అంకె తప్పుతుంది. యాంటీస్కేటింగ్‌కి అదే అంకె పెట్టండి. ఆర్మ్ వంపు వల్లా, గాడి రాపిడి వల్లా ముల్లు ఎప్పుడూ మధ్యకి లాగబడుతుంది, దానికి ఎదురు బలం ఇది.

బరువు ఎక్కువైతే ప్లేటు పాడవుతుందని భయపడి చాలామంది తగ్గించేస్తారు. నిజానికి తక్కువ బరువే ఎక్కువ హాని. ముల్లు గాడి గోడని పట్టుకోలేక ఎగిరెగిరి పడుతూ గోడల్ని చెక్కేస్తుంది. గాయని పైస్థాయికి వెళ్ళినప్పుడు ‘స’లు, ‘శ’లు చిరిగినట్టు వినిపిస్తే ముందు బరువు చూడండి, తర్వాత ముల్లు మొన మీద దుమ్ము ఉండ కట్టిందేమో చూడండి.

రెండూ సరిగ్గా ఉండి, ఆ చిరుగు ప్లేటు చివరి పాటలోనే వినపడితే కారణం వేరు. ఎల్‌పి బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరకి పడిపోతుంది. అదే శబ్దం సగంకన్నా తక్కువ చోటులో కుక్కాలి. కార్ట్రిడ్జ్ కోణం ఏమాత్రం తప్పినా అక్కడే బయటపడుతుంది. కోణం సరిచూసే ప్రొట్రాక్టర్ కాగితం మీద, మధ్య కడ్డీ నుంచి 66 మిల్లీమీటర్లు, 120.9 మిల్లీమీటర్ల దగ్గర రెండు గళ్ళ గుర్తులుంటాయి. రెండు చోట్లా కార్ట్రిడ్జ్ పక్కలు గళ్ళకి సమాంతరంగా ఉండేలా హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్‌ని పట్టుకునే భాగం) రెండు స్క్రూలు వదులు చేసి సర్దాలి. కాగితం అచ్చు వేసుకుంటే కొలత నూటికి నూరు శాతంలో వేయాలి. ప్రింటర్ కాగితానికి తగ్గట్టు కుదిస్తే మొత్తం తప్పు. ఒకచోట సరిచేస్తే రెండోచోట తప్పుతుంది, మళ్ళీ మొదటిచోటికి రావాలి. గంట పట్టినా పట్టనివ్వండి.

వేగం చూడటానికి గీతల డిస్క్ (వేగం సరిగ్గా ఉంటే దీపం వెలుగులో దాని గీతలు కదలకుండా నిలిచినట్టు కనపడతాయి) వాడేవాళ్ళు 50 హెర్ట్జ్‌కి గీసినదే తీసుకోండి, 33⅓కి 180 గీతలుంటాయి. 216 గీతలుంటే అది అమెరికాది. ఎల్‌ఈడీ దీపాల్లో చాలావాటి కింద గీతలు నిలిచినట్టు కనపడవు, పాత ఫిలమెంట్ బల్బు కావాలి.

గుయ్‌మనే హమ్ వస్తే ప్లేయర్ వెనక నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగ ఆంప్లిఫయర్ మీద జీఎన్‌డి (గ్రౌండ్) అని ఉన్న స్క్రూకి బిగించారా చూడండి. బిగించినా వస్తే గోడలో మూడో పిన్నుకి ఎర్త్ అసలు ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్ళలో సాకెట్ ఉంటుంది, తీగ ఉండదు. హమ్ కాకుండా జివ్వుమనే శబ్దం వస్తుంటే సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్‌ని అనుమానించండి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు ఈ 4 మిల్లీవోల్టుల్లోకి దూరిపోతాయి. ఫ్యాన్ పూర్తి వేగంలో పెట్టినప్పుడు శబ్దం పోతే దొంగ దొరికినట్టే. స్టెప్ రకం రెగ్యులేటర్ వేయించుకోండి.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది, దానికి ఉప్పు తోడు. ఎడారి ఊళ్ళలో రికార్డు వినేవాళ్ళని స్టాటిక్ విద్యుత్తు పీడిస్తుంది. మనకి ఆ బాధ తక్కువ, ఏసీ గదిలో తప్ప. మన శత్రువు బూజు. బూజు వినైల్‌ని తిని బతకదు. ప్లేటు మీది వేలిముద్రల జిడ్డు, దుమ్ము, కవరు కాగితం, దాని జిగురు దానికి ఆహారం. కాబట్టి బూజు పట్టిన లోపలి కవరుని కడగాలని చూడకండి, పారేయండి.

కడిగే పద్ధతి ఇది. లీటరు ద్రావణానికి 800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగూ వాసనా లేని గిన్నెల లిక్విడ్ రెండే రెండు చుక్కలు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు. ఆరాక వాటిలోని లవణం గాడిలో తెల్లగా మిగిలి చిటపటలాడుతుంది. బూజున్న ప్లేటుని ముందు ఆరుబయట, ముక్కుకి మాస్కు కట్టుకుని, మెత్తని బ్రష్‌తో దులపండి. ఇంట్లో దులిపితే బూజు మిగతా ప్లేట్లకి పాకుతుంది. లేబుల్ తడవకుండా ద్రావణం రాసి, ఒక నిమిషం నాననిచ్చి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంట, అంటే గుండ్రంగా తుడవండి. అడ్డంగా ఎప్పుడూ వద్దు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ఈ రెండో కడుగుడు మానేస్తే సబ్బు గాడిలో ఆరి ముల్లుకి బంకలా అంటుకుంటుంది. కడిగాక బాగులేదని వదిలేసేవాళ్ళు చాలావరకు ఇది మానేసినవాళ్ళే. నీడలో, నిలబెట్టి, ఫ్యాన్ ఆపి ఆరబెట్టండి.

ఈ ఆల్కహాల్ ద్రావణం 78 ప్లేట్లకి చుక్క కూడా తగలకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వాటికి డిస్టిల్డ్ వాటర్, చుక్క లిక్విడ్, త్వరగా తుడిచి ఆరబెట్టడం, అంతవరకే.

దాచడం గురించి. నిలువుగా, వాలకుండా. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది ప్లేట్లు వంగుతాయి. నూరు ఎల్‌పిలు దాదాపు పాతిక కిలోలు తూగుతాయి, సన్నని ప్లైవుడ్ అరలు ఆగవు. సముద్రం వైపు గోడకీ, బయటి గోడకీ ఆనించకండి. లోపలి కవర్లకి పాలిథిలీన్ వాడండి. మెత్తని పీవీసీ కవర్లు ఏళ్ళు గడిచేకొద్దీ ప్లేటు మీద మసక పొర వదులుతాయి. కలరా ఉండలు పెట్టొద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి పడదు. మూసిన బీరువాలో సిలికా జెల్ పెట్టి, రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచి మళ్ళీ వాడుకోవచ్చు. మే నెలలో ఆర్‌కే బీచ్ దగ్గర కారు ఆపి ప్లేట్లు సీటు మీద వదిలేస్తే వచ్చేసరికి గిన్నెల్లా వంగి ఉంటాయి.

ఉప్పుగాలి ప్లేటుని ఏం చేయకపోయినా లోహాన్ని వదలదు. హెడ్‌షెల్ నాలుగు పిన్నులు, ఆంప్లిఫయర్‌కి పెట్టే ఆర్‌సీఏ ప్లగ్గులు నల్లబడతాయి. ఒకవైపు స్పీకర్ అప్పుడప్పుడూ పోయి వస్తుంటే కార్ట్రిడ్జ్ పోయిందనుకోకండి, హెడ్‌షెల్ తీసి పిన్నుల్ని ఐసోప్రొపైల్ తడిపిన గుడ్డతో తుడవండి. నెలకోసారి ప్లగ్గులు తీసి పెడుతుంటే చాలావరకు ఆ సమస్య రాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఎన్ని కిటికీ అద్దాలు పోయాయో మీకు తెలుసు. అలా తడిసిన ప్లేట్ల విషయంలో వేగమే ముఖ్యం. తడి మీద ఉండగానే ప్లేటుని కవరులోంచి తీయాలి. కాగితం ప్లేటుకి అతుక్కుని ఆరిందంటే అది ఊడదు. ప్లేటుని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో నిలబెట్టండి. అట్టల మధ్య పీల్చే కాగితాలు పెట్టి రోజూ మార్చండి. వినైల్‌కి నీళ్ళ వల్ల ప్రమాదం లేదు. పాడయ్యేవి అట్టా, లేబులే.

ముల్లు ఆయువు కూడా రాసుకోండి. ఆడియో-టెక్నికా లెక్క ప్రకారం గుండ్రటి మొనకి 500 గంటలు, దీర్ఘవృత్తాకారపు మొనకి 300, మైక్రోలీనియర్ అనే మరీ సన్నగా చెక్కిన మొనకి 1000. పాత ప్లేయర్‌తో వచ్చిన ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో ఎవరూ చెప్పలేరు; దాన్ని మంచి ప్లేటు మీద పెట్టకముందే కొత్తది కొనండి.

(సభలోంచి: “మా ఇంట్లో అన్నీ మోనో ఈపీలే అండీ. కొత్త స్టీరియో ప్లేయర్ మీద వేస్తే గరగర ఎక్కువగా ఉంది.”)

మంచి ప్రశ్న వేశారండీ. మన తెలుగు ఈపీల్లో ఎక్కువభాగం మోనోయే. మోనో గాడిలో పాట పక్కలకి ఊగే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలేదాన్లో పాట లేదు, అక్కడున్నది దుమ్ము, అరుగుదల, ప్లేటు వంపు. స్టీరియో కార్ట్రిడ్జ్ దాన్ని కూడా చదివేస్తుంది. ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి. రెండు చానళ్ళు కలిసేసరికి నిలువు కదలిక ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, గరగర సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. బటన్ లేకపోతే, రికార్డింగు చేసుకున్నాక కంప్యూటర్‌లో రెండు చానళ్ళని కలిపినా అదే ఫలితం.

రికార్డింగు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. దొరకని ప్లేటు ఏదైనా ఉంటే కడిగిన తర్వాత మొదటిసారో రెండోసారో వినేటప్పుడే డిజిటల్‌లోకి ఎక్కించండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, డబ్ల్యూఏవీ లేదా ఫ్లాక్ రకం ఫైలు. అన్నిటికన్నా పెద్ద శబ్దం రికార్డింగు మీటర్లో సున్నాకి 6 డెసిబెల్స్ కింద ఉండేలా లెవెల్ పెట్టండి. ఫైలు పేరులో పాట పేరుతోపాటు లేబుల్ మీది నంబరూ, లేబుల్ పక్కన ఖాళీ గాడిలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరూ రాయండి. ఒకే పాట వేర్వేరు అచ్చుల్లో వచ్చి ఉంటే వాటిని గుర్తుపట్టేది ఆ రెండో నంబరే. చిటపటలు తీసిన కాపీ వేరుగా ఉంచుకోండి, తీయని అసలు ఫైలుని చెరపకండి. రేపు ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే దానికి కావాల్సింది ఆ అసలు ఫైలే.